అంగడి చరిత్ర – 6వ భాగం: తలుపులున్న బజారు



పోయిన భాగంలో వారం సంతల గురించి రాశాను. ఊళ్లో కొట్టుకు వెళ్తే మా అమ్మ చేతికి తగలకుండా చిల్లర పైనుంచి వేసేవాళ్లని, అదే అమ్మ పట్నం సంతకు వెళ్తే బేరమాడి, వంకాయ పుచ్చిందో లేదో చేత్తో పట్టుకు చూసి, నవ్వుకుంటూ వచ్చేదని చెప్పాను. అది చదివి కొందరు విద్యార్థులు ఒక ప్రశ్న అడిగారు. "అన్నా, సంతలో కులం కొంచెం సడలింది అన్నారు. మరి మాల్‌లో? అక్కడ నీది ఏ కులమని ఎవరూ అడగరు కదా?"

మంచి ప్రశ్న. ఒక్క ముక్కలో జవాబు చెప్పలేను. అందుకే ఈ భాగం మొత్తం మాల్ చరిత్రకే కేటాయిస్తున్నాను.

ముందు ఒక ఇంటి ముచ్చట. మా అక్క కొడుక్కి హైదరాబాద్‌లో మాల్‌లో పని దొరికిందని మా అమ్మమ్మకు చెప్పాం. ముసలామె కాసేపు ఆలోచించి, "మాలా? మన పేరు పెట్టుకున్నారేంట్రా వాళ్లు?" అంది. ఇంట్లో అందరం పడీపడీ నవ్వాం. కానీ తర్వాత మాల్ చరిత్ర చదువుతుంటే ఆ మాట నన్ను వదల్లేదు. మాలపల్లె ఊరి బయట ఉంటుంది. అమెరికాలో మాల్ కూడా ఊరి బయటే పుట్టింది. మనల్ని వెలివేసి బయట ఉంచారు. వాళ్లు ఇంకొకర్ని వెలివేయడానికి బయటికి వెళ్లారు. అదొక్కటే తేడా.

ఇంకో ముచ్చట నాది. యూనివర్సిటీలో ఉన్న రోజుల్లో ఏప్రిల్ 14 సభకు కరపత్రాలు పంచుతూ తిరుగుతున్నాం. ఎండ మాడిపోతుంటే ముగ్గురం ఒక మాల్‌లోకి వెళ్లబోయాం. గేటు దగ్గర గార్డు బ్యాగు తెరిచాడు. నీలి కరపత్రాలు, వాటి మీద బాబాసాహెబ్ బొమ్మ. ఆ తమ్ముడు ఒకసారి బొమ్మ వైపు, ఒకసారి నా వైపు చూశాడు. "అన్నా, ఇవి లోపలికి వద్దు. ఇది ప్రైవేట్ ప్రాపర్టీ. సూపర్‌వైజర్ చూస్తే నాకు మాట వస్తది" అని మెల్లగా అన్నాడు. అతని మీద నాకు కోపం రాలేదు. అతనిదీ మనలాంటి పల్లే అయి ఉంటుందని ముఖం చూస్తే అనిపించింది. కానీ ఆ "ప్రైవేట్ ప్రాపర్టీ" అన్న మాట ఎక్కడో విన్నానే అనుకున్నాను. ఎక్కడ విన్నానో చివర్లో చెప్తాను.

ఇప్పుడు అమెరికా వెళ్దాం. మిన్నెసోటా రాష్ట్రంలో మినియాపొలిస్ అనే పెద్ద నగరం ఉంది. దాని శివారు ఎడైనా. 1956 అక్టోబర్ 8న అక్కడ సౌత్‌డేల్ అనే షాపింగ్ సెంటర్ తెరిచారు. పైకప్పు వేసి, నాలుగువైపులా మూసి, లోపల ఏడాది పొడవునా ఒకే వాతావరణం ఉండేలా కట్టిన తొలి మాల్ అది. 72 షాపులు, 5,200 కార్లకు పార్కింగ్, 2 కోట్ల డాలర్ల ఖర్చు. మొదటి రోజే 75 వేల మంది వచ్చారు. బయట మంచు గడ్డకట్టే ఊరది. లోపల మాత్రం చెట్లు, పెద్ద పంజరంలో రంగురంగుల పిట్టలు. దానికి నిత్యవసంతమని పేరు కూడా పెట్టుకున్నారు.

అంతకుముందు అంగళ్లు వీధి వైపు చూసేవి. దారిన పోయేవాడు నిలబడి చూసేవాడు. సౌత్‌డేల్‌లో షాపులన్నీ లోపలికి చూస్తాయి. బయటికి కనిపించేది గోడే. బజారు వీధికి వీపు చూపించడం అక్కడే మొదలైంది. ఇవాళ మీరు హైదరాబాద్‌లో చూసినా, విజయవాడలో చూసినా మాల్ కట్టడం అదే పద్ధతి.

దాన్ని గీసిన ఆర్కిటెక్ట్ పేరు విక్టర్ గ్రూయెన్. వియన్నా యూదుడు. అసలు పేరు గ్రూన్‌బామ్. సోషలిస్టు. 1938లో హిట్లర్ సైన్యం ఆస్ట్రియాలోకి వస్తే ప్రాణాలు దక్కించుకుని అమెరికా చేరాడు. అప్పుడు చేతిలో 8 డాలర్లు ఉన్నాయని చెబుతారు. పుట్టుక కారణంగా తన నగరంలోంచి గెంటేయబడ్డ మనిషి అతను. శివార్లలో మనుషులు కార్లలో ఒంటరిగా బతుకుతున్నారని, వాళ్లు కలుసుకోవడానికి వియన్నా వీధిలాంటి చోటు కట్టాలని అతని కల. మాల్ చుట్టూ సుమారు 460 ఎకరాల్లో ఇళ్లు, బడి, ఆసుపత్రి, పార్కు, చెరువు అన్నీ ప్లాన్‌లో పెట్టాడు. డబ్బు పెట్టినవాళ్లు డేటన్ కుటుంబం, నగరంలో పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్ ఓనర్లు. ఇవాళ టార్గెట్ అనే పేరుతో నడిచే కంపెనీ మూలం వాళ్లదే. మన పిల్లలు బెంగళూరులో పనిచేస్తున్నారే, ఆ టార్గెటే. మాల్ కట్టగానే చుట్టుపక్కల భూమి ధర పెరిగింది. కల పక్కకుపోయింది, మాల్ మిగిలింది, దాని చుట్టూ పార్కింగ్ మిగిలింది.

మాల్ చరిత్ర రాసేవాళ్లు చాలామంది ఇక్కడివరకు చక్కగా చెప్తారు. కానీ ఎడైనాలో అప్పుడు ఎవరుండేవాళ్లు అని అడగరు. మనం అడుగుదాం.

ఎడైనా మొదట్లో తెల్లవాళ్ల ఊరేమీ కాదు. అంతర్యుద్ధం తర్వాత నల్లజాతి కుటుంబాలు అక్కడికొచ్చి వ్యవసాయం చేసుకున్నాయి. 1888లో గ్రామం ఏర్పడ్డ తొలి రోజుల్లో పంచాయతీ రికార్డులు రాసింది బి.సి. యాన్సీ అనే నల్లజాతి రైతు. అంటే ఊరి పుస్తకం మొదటి పేజీల్లో ఉన్నది నల్లవాడి చేతిరాత. తర్వాత 1924లో అక్కడ కంట్రీ క్లబ్ డిస్ట్రిక్ట్ అనే ఇళ్ల పేట మొదలైంది. ఆ స్థలాల దస్తావేజుల్లో ఒక షరతు ఉండేది. తెల్లజాతివాళ్లు తప్ప ఇంకెవరూ ఈ ఇంట్లో ఉండకూడదు, ఇంటి పనివాళ్లు అయితే ఉండొచ్చు అని దాని సారాంశం. ఈ పేట వేరు, సౌత్‌డేల్ కట్టిన స్థలం వేరు, నిజమే. కానీ ఊరు ఒకటే. మాల్‌లోకి కార్లలో వచ్చినవాళ్లు అలాంటి పేటల వాళ్లే. నల్లజాతి రైతుల కుటుంబాలు మాత్రం అప్పటికే ఊరు ఖాళీ చేసి వెళ్లిపోయాయి.

ఆ షరతులో చివరి ముక్కను ఇంకోసారి చదవండి. పనివాళ్లయితే ఉండొచ్చు. మనకు కొత్తా ఇది? పేడకళ్లెత్తడానికి దొడ్లోకి రావచ్చు, వసారా ఎక్కకూడదు. అగ్రహారం దస్తావేజు ఇంగ్లిష్‌లో రాస్తే ఇలాగే ఉంటుంది.

ఇలాంటి షరతులను కోర్టులు అమలు చేయకూడదని అమెరికా సుప్రీంకోర్టు 1948లో చెప్పింది. మిన్నెసోటాలో కొత్తగా రాయడాన్ని 1953లో నిషేధించారు. ఇళ్లలో వివక్షను దేశవ్యాప్తంగా నిషేధించిన చట్టం 1968లో వచ్చింది. కానీ అప్పటికే ఎవరెక్కడ ఉండాలో అక్కడ కుదురుకున్నారు. మిన్నెసోటా యూనివర్సిటీలో 2016లో మొదలైన మ్యాపింగ్ ప్రెజుడిస్ అనే ప్రాజెక్టు పాత దస్తావేజులన్నీ వెతికింది. మామూలు జనం వాలంటీర్లుగా కూర్చుని ఒక్కో కాగితం చదివారు. ఒక్క మినియాపొలిస్ నగరంలోనే 8 వేలకు పైగా ఇలాంటి షరతులు దొరికాయి. పరిశోధక విద్యార్థులూ, ఇది మీరు గుర్తుపెట్టుకోండి. మన సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల్లో దుమ్ము పట్టిన దస్తావేజులను ఇలా చదివినవాళ్లు మనలో ఎంతమంది?

ఇక డబ్బు సంగతి. మాల్‌లు జనం కోరుకుంటే వచ్చాయని అంటారు. ప్రభుత్వం కోరుకుంటే కూడా వచ్చాయి. 1954లో అమెరికా పన్ను చట్టం మారింది. కొత్త భవనం కడితే దాని తరుగుదలను మొదటి సంవత్సరాల్లోనే పెద్ద మొత్తంలో లెక్కలో చూపించి పన్ను తగ్గించుకోవచ్చు. అంతే, శివార్లలో ఖాళీ భూమి మీద కొత్తగా కట్టడం లాభసాటి అయిపోయింది. పాత బజారుకు మరమ్మతు చేసేవాడికి అంత లాభం లేదు. ఇళ్ల అప్పులకు గ్యారంటీ ఇచ్చే ప్రభుత్వ సంస్థ నల్లవాళ్ల పేటలకు ఆ గ్యారంటీ ఇచ్చేది కాదు. 1956లోనే, అంటే సౌత్‌డేల్ తెరిచిన ఏడాదే, జాతీయ హైవేల చట్టం వచ్చింది. శివార్ల నుంచి కార్లు పోవడానికి రోడ్లు కావాలి. రోడ్లు ఎక్కడినుంచి వేశారు? మినియాపొలిస్ పక్కనే ఉన్న సెయింట్ పాల్ నగరంలో రాండో అనే నల్లవాళ్ల పేట ఉండేది. చర్చిలు, క్షౌరశాలలు, కిరాణా కొట్లు, సంఘాలు, అన్నీ ఉన్న పేట. దాని నడుమ నుంచి 94వ నంబర్ హైవే వేశారు. వందల ఇళ్లు పోయాయి. దుకాణాలు పోయాయి. 2015లో నగర మేయర్ క్షమాపణ చెప్పారు. క్షమాపణతో కొట్టు తిరిగి రాదు.

ఒకవైపు నల్లవాళ్ల బజారు కూలుతోంది, ఇంకోవైపు తెల్లవాళ్ల బజారుకు పైకప్పు పడుతోంది. ఒకే ప్రాంతం, ఒకే కాలం. ఈ రెండింటినీ కలిపి చదవకపోతే మాల్ చరిత్ర అర్థం కాదు.

ఇప్పుడు అక్కాచెల్లెళ్లు లాంటి రెండు మాల్‌ల కథ చెప్తాను. సౌత్‌డేల్ బాగా నడవడంతో డేటన్ కంపెనీ నగరం చుట్టూ ఇంకో మూడు కట్టింది. 1962లో బ్రూక్‌డేల్, 1969లో రోజ్‌డేల్, 1974లో రిడ్జ్‌డేల్. బ్రూక్‌డేల్ ఉన్నది ఉత్తరాన బ్రూక్లిన్ సెంటర్ అనే శివారులో. మొదట్లో అదీ తెల్లవాళ్ల ఊరే, కాకపోతే ఎడైనా అంత డబ్బున్నది కాదు. క్రమంగా అక్కడికి నల్లవాళ్లు, హ్మాంగ్ శరణార్థులు, లైబీరియా నుంచి వచ్చినవాళ్లు చేరారు. 2010 జనగణన నాటికి తెల్లవాళ్లు సగానికంటే తక్కువయ్యారు.

మాల్‌కు ఏమైంది? పెద్ద స్టోర్లు ఒక్కొక్కటే వెళ్లిపోయాయి. 2009లో మేసీస్ వెళ్లింది. 2010లో మాల్ మూతపడింది. 2011లో కూలగొట్టారు. 2012లో ఆ చోట వాల్‌మార్ట్ తెరిచారు.

సౌత్‌డేల్‌కు కష్టాలు రాలేదా? వచ్చాయి. 1992లో కొద్ది మైళ్ల దూరంలోనే మాల్ ఆఫ్ అమెరికా అనే బ్రహ్మాండమైన మాల్ వచ్చింది. ఇంటర్నెట్ వచ్చింది. డేటన్ పేరు 2001లో మార్షల్ ఫీల్డ్స్ అయింది, 2006లో మేసీస్ అయింది. జేసీపెన్నీ మూతపడింది. కానీ సౌత్‌డేల్‌ను ఎవరూ కూలగొట్టలేదు. పార్కింగ్ స్థలంలో అపార్ట్‌మెంట్లు లేచాయి, హోటల్ వచ్చింది. జేసీపెన్నీ పోయిన చోట 2019లో ఖరీదైన జిమ్ తెరిచారు. ఇవాళ్టికీ నడుస్తోంది.

బ్రూక్‌డేల్ పోవడానికి జాతి ఒక్కటే కారణమని నేను అనను. పోటీ మాల్‌లు, ఓనర్ల అప్పులు కూడా ఉన్నాయి. కానీ ఇద్దరికీ ఒకే ఇంటర్నెట్, ఒకే మాల్ ఆఫ్ అమెరికా, ఒకే మంచు. ఒకరికి కొత్త పెట్టుబడి దొరికింది, ఒకరికి బుల్‌డోజర్ దొరికింది. గ్రూయెన్ డెట్రాయిట్ పక్కన సౌత్‌ఫీల్డ్‌లో కట్టిన నార్త్‌లాండ్ కూడా అంతే. 1954లో తెల్లవాళ్ల శివారులో మొదలైంది. ఆ ఊరు నల్లవాళ్ల ఊరయింది. 2015లో మాల్ మూతపడింది. తెల్లవాళ్లు వెళ్లిపోయాక డబ్బు కూడా వాళ్ల వెంటే పోవడం అక్కడ చాలా ఊళ్లలో జరిగిన సంగతి. మన ఊళ్లలో గవర్నమెంట్ బడిని గుర్తు తెచ్చుకోండి. అగ్రకులాల పిల్లలు ఇంగ్లిష్ మీడియం బస్సెక్కి వెళ్లిపోయాక ఆ బడికి సున్నం వేసే నాథుడు లేడు.

పనిచేసేవాళ్ల సంగతి ఇంకా ఘోరం. ఉద్యోగాలు శివార్లకు పోయాయి. నల్లవాళ్లు నగరంలో ఉండిపోయారు. ఈ దూరమే వాళ్ల నిరుద్యోగానికి ఒక కారణమని జాన్ కెయిన్ అనే ఆర్థికవేత్త 1968లోనే రాశాడు. దూరం అంటే మైళ్లు మాత్రమే కాదు, బస్సు కూడా. న్యూయార్క్ రాష్ట్రంలో బఫెలో నగరం పక్కన వాల్డెన్ గ్యాలరియా అనే శివారు మాల్ ఉంది. 1995 డిసెంబర్‌లో, నగరంలో ఉండే 17 ఏళ్ల నల్లజాతి అమ్మాయి అక్కడ ఫుడ్ కోర్టులో పనికి బస్సులో బయలుదేరింది. చంటిబిడ్డ తల్లి. ఆ బస్సుకు మాల్ ఆవరణలో ఆగే వీలు లేదు. రోడ్డుకు అవతలే దిగాలి. ఏడు లేన్ల రోడ్డు, పక్కన మంచు కుప్పలు. దాటుతుంటే లారీ కొట్టింది. కొన్ని రోజులకు చనిపోయింది. టూరిస్టు బస్సులు మాత్రం దర్జాగా మాల్ ముందే ఆగేవి. కేసు నడిచింది. 1999లో 25 లక్షల 50 వేల డాలర్లకు రాజీ కుదిరింది. ఆమె చనిపోయాక సిటీ బస్సును లోపలికి రానిచ్చారు.

"నల్లవాళ్లు రాకూడదు" అని బోర్డు ఎక్కడా లేదు. బస్సు లోపల ఆగదు, అంతే. బోర్డు లేని వివక్షను చదవడం మనం నేర్చుకోవాలి.

ఇక గేటు దగ్గర నా కరపత్రాల సంగతికి వస్తాను. మాల్ అంటే బజారు కదా, బజారులో మాట్లాడే హక్కు ఉండదా? 1968లో అమెరికా సుప్రీంకోర్టు ఉంటుందనే చెప్పింది. షాపింగ్ సెంటర్ ఊరి బజారులాంటిదే, అక్కడ కార్మికులు ప్లకార్డులు పట్టుకోవచ్చని తీర్పు. ఆ తీర్పు రాసింది ఎవరో తెలుసా? తుర్‌గుడ్ మార్షల్, ఆ కోర్టులో తొలి నల్లజాతి న్యాయమూర్తి. కానీ 1972లో కోర్టు వెనక్కి తగ్గింది. మార్షల్ అసమ్మతి రాశారు. 1976కల్లా ఆయన తీర్పును పూర్తిగా పక్కన పెట్టేశారు. 1980లో ఒక్క వెసులుబాటు ఇచ్చారు, రాష్ట్రాలు కావాలంటే ఆ హక్కు ఇవ్వొచ్చని. మిన్నెసోటా సుప్రీంకోర్టు 1999లో ఇవ్వనంది. ఆ కేసు మాల్ ఆఫ్ అమెరికాదే. 2014 డిసెంబర్ 20న అదే మాల్‌లో బ్లాక్ లైవ్స్ మ్యాటర్ ఉద్యమకారులు వేలమంది చేరి నిరసన తెలిపితే నిర్వాహకుల మీద కేసులు పెట్టారు. మరుసటి ఏడాది జడ్జి చాలామంది మీద కేసులు కొట్టేశారు కానీ, మాల్ మాత్రం ప్రైవేట్ ఆస్తిగానే మిగిలింది.

గార్డు తమ్ముడు అన్న ఆ మాట నేను ఎక్కడ విన్నానో ఇప్పుడు చెప్తాను. మహద్‌లో. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో వెళ్లి చౌదార్ చెరువు నీళ్లు తాగారు. ఆ చెరువు అందరిదని మునిసిపాలిటీ 1924లోనే తీర్మానం చేసింది. మరి సవర్ణులు కోర్టులో ఏమని వాదించారు? మాకు అంటరానివాళ్లంటే అసహ్యం అనలేదు. ఈ చెరువు మా ప్రైవేట్ ఆస్తి అన్నారు. కేసు పదేళ్లు నడిచింది. 1937 మార్చి 17న బొంబాయి హైకోర్టు మనవైపు తీర్పు ఇచ్చింది. కులానికి చట్టం అడ్డం వస్తే అది ఆస్తి వేషం వేసుకుంటుందని బాబాసాహెబ్‌కు అందరికంటే బాగా తెలుసు. అందుకే రాజ్యాంగంలో 15వ అధికరణ 2వ భాగంలో దుకాణాలు, హోటళ్లు, వినోద స్థలాలను పేరుపెట్టి చేర్చారు. ప్రభుత్వమే కాదు, దుకాణం యజమాని కూడా ఆపడానికి వీల్లేదని. 1948 నవంబర్‌లో రాజ్యాంగ సభలో ఆ చర్చ జరిగినప్పుడు, దుకాణం అన్న మాటను విశాలమైన అర్థంలోనే వాడామని ఆయన వివరించారు. మాల్ గేటు దాటి లోపలికి వెళ్లే హక్కు మనకు ఎవరో దయతో ఇచ్చింది కాదు.

అయితే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మాల్ మనకేమీ ఇవ్వలేదని నేను అనను. మా అక్క కూతురు మాల్‌లో డ్రెస్సు వేసుకుని చూసి, నచ్చక అక్కడే పెట్టి వచ్చింది. ఎవరూ ఏమీ అనలేదు. మా అమ్మ ఊళ్లో చీర మడత విప్పమని కూడా అడగలేకపోయేది. ధర రాసి ఉంటుంది, నీ ఇంటి పేరు అడగరు. ఇది చిన్న విషయం కాదు, దీన్ని ఎగతాళి చేసేవాళ్లకు ఊరి కొట్టు తెలియదు. కానీ కొనేటప్పుడు దొరికే ఆ మర్యాద డబ్బున్నంతసేపే. అదే మాల్‌లో పన్నెండు గంటలు నిలబడే పిల్లకు అది లేదు. కూర్చోవడానికి కుర్చీ హక్కు కావాలని కేరళలో బట్టల షాపుల ఆడవాళ్లు పోరాడితే 2018లో చట్టం మారింది. తమిళనాడులో 2021లో వచ్చింది. మన పిల్లలు ఇంకా నిలబడే ఉన్నారు.

గ్రూయెన్ చివరికి తన బిడ్డనే కాదన్నాడు. వియన్నాకు తిరిగి వెళ్లిపోయి, 1978లో లండన్‌లో మాట్లాడుతూ ఈ మాల్‌లకు తండ్రినని ఒప్పుకోనన్నాడు. ఆ మాట అనే నాటికే వియన్నా బయట ఒక పెద్ద మాల్ లేచి ఉంది. వెలి రుచి చూసిన మనిషి మంచి మనసుతో కట్టినా, భూమి ఎవరిది, దారి ఎవరిది, గేటు ఎవరిది అని అడగకుండా కట్టాడు. కట్టినవాడి మనసు కంటే దస్తావేజు బలమైంది.

కాబట్టి మీ ఊరి దగ్గర మాల్ వస్తుంటే మూడు సంగతులు కనుక్కోండి. ఆ భూమి ఇంతకుముందు ఎవరి పేర ఉంది, అందులో అసైన్డ్ భూమి ఉందా? మీ పల్లె నుంచి వచ్చే బస్సు ఎక్కడ ఆగుతుంది? లోపల పనిచేసే అమ్మాయి ఎక్కడ కూర్చుంటుంది, ఎక్కడ అన్నం తింటుంది? ఈ మూడూ రాసి పెట్టుకోండి. ఆ మాల్ చరిత్ర రాయడం అక్కడే మొదలవుతుంది.

వచ్చే భాగంలో ఇంటి గడపకు వచ్చే బజారు గురించి, అంటే మన పిల్లలు బైకుల మీద మోసుకొచ్చే డెలివరీల గురించి రాస్తాను. లిఫ్టు ఎక్కొద్దన్న అపార్ట్‌మెంట్ల ముచ్చట్లు అందులో ఉంటాయి.

జై భీమ్.